పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెద్ద టేబుల్‌ను శుభ్రం చేయడం ఎలా?

కావలసినవి పెద్దగా లేవు: టేబుల్ యజమాని లాగిన్, డిస్కులో కొంత ఖాళీ, కనెక్షన్ తెగినా పని ఆగని టెర్మినల్. సమయం తెల్లవారుజామున 3 గంటలు. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టేవాళ్లకు నేను సలహా చెప్పను.

పోస్ట్‌గ్రెస్‌లో వరుసను మారిస్తే పాతది చెరిగిపోదు. కొత్త ప్రతి వచ్చి చేరుతుంది, పాతది శవంలా పడి ఉంటుంది. ఆ శవాలను ఊడ్చేది వాక్యూమ్; సర్వర్ తనంతట తానే నడిపేది ఆటోవాక్యూమ్. అలాంటివి ఎన్ని ఉన్నాయో పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్ అనే గణాంకాల పట్టికలో చూడండి. తర్వాత ఆ ఒక్క టేబుల్‌కు వాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్ తగ్గించండి. మామూలుగా అది 0.2. అంటే 10 కోట్ల వరుసలుంటే దాదాపు 2 కోట్లు చచ్చేదాకా ఆటోవాక్యూమ్ కదలదు. 0.01 పెట్టండి, చర్చ వద్దు.

ఇక అసలు చిక్కు. వాక్యూమ్ నడిపే ముందు సెషన్ల జాబితా అయిన పీజీ_స్టాట్_యాక్టివిటీలో అన్నిటికంటే పాత ట్రాన్సాక్షన్ (కమిట్ చేస్తేనే ఖాయమయ్యే పనుల కట్ట) ఎప్పుడు మొదలైందో చూడండి. ఏదో రాసి కమిట్ చేయకుండా వదిలేసినది ఒక్కటున్నా, అది మొదలయ్యాక చచ్చిన వరుసల జోలికి వాక్యూమ్ పోదు. మా దగ్గర ఒకసారి ఎవరో శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ ఒకటి రాసి, కమిట్ మరిచి ఇంటికి వెళ్లిపోయారు. శని, ఆదివారాలు వాక్యూమ్ నడుస్తూనే ఉంది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, టేబుల్ మాత్రం ఉబ్బుతూనే పోయింది.

అలాంటి సెషన్‌పై క్యాన్సిల్ పనిచేయదు. ఆపడానికి నడుస్తున్న క్వెరీయే లేదు కదా. టెర్మినేట్ చేయాలి. అయితే అది ఎవరిదో ముందు కనుక్కోండి. 6 గంటలుగా నడుస్తున్న నెలాఖరు లెక్కలను చంపారంటే చేసిందంతా వెనక్కి పోతుంది, నింద మీ మీదే పడుతుంది. అక్కడ ఏమీ దొరక్కపోతే ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు (తర్వాత కమిట్ చేద్దామని సర్వర్‌లో భద్రపరిచినవి), ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్లు (కాపీ సర్వర్ ఎంతవరకు అందుకుందో గుర్తుపెట్టుకునేవి) చూడండి. సర్వర్‌ను రీస్టార్ట్ చేసినా అవి పోవు.

ఇంత తంటా ఎందుకు, వాక్యూమ్ ఫుల్ నడిపితే సరిపోదా అనేవారు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. అది టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది, అయ్యేదాకా చదవడానికి కూడా ఎవరినీ రానివ్వదు. లాక్ దొరక్క అది క్యూలో నిలబడినా చాలు, దాని వెనక వచ్చిన ప్రతి సెలెక్టూ ఆగిపోతుంది.

మామూలు వాక్యూమ్‌నే వెర్బోస్ (వివరాలు చూపేది), అనలైజ్ (గణాంకాలు తాజా చేసేది) ఆప్షన్లతో నడపండి. చచ్చినా ఇంకా తొలగించలేని వరుసలెన్నో అందులో కనిపిస్తుంది. ఆ అంకె పెద్దదైతే మళ్లీ పాత ట్రాన్సాక్షన్ వేటకు వెళ్లండి.

చివరగా ఉబ్బిన ఇండెక్సులు, అంటే వరుసలను త్వరగా వెతకడానికి ఉండే సూచికలు. 12వ వెర్షన్ నుంచి, టేబుల్ వాడకం ఆపకుండానే వాటిని మళ్లీ కట్టే రీఇండెక్స్ కంకరెంట్లీ ఉంది. మధ్యలో తెగితే పేరు చివర సీసీన్యూ అని ఉండే పనికిరాని ఇండెక్సు మిగులుతుంది; దాన్ని డ్రాప్ చేసి మళ్లీ నడపండి.