నేలలో నీరు ఎంత వేగంగా ఇంకుతుందో కొలవడం ఎలా?

వాన నీరు నేలలోకి దిగకపోతే మట్టి రేణువులను, వాటికి అంటుకున్న భాస్వరాన్ని చెరువులోకి ఈడ్చుకుపోతుంది. అక్కడ నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి. నీరు మరీ వేగంగా దిగినా ముప్పే: అందులో కరిగిన నైట్రేట్ వేర్లను దాటి భూగర్భజలంలో కలుస్తుంది. మీ నేల ఎటువైపు ఉందో ఒక రింగుతో తేల్చవచ్చు.

కావలసినవి: లోపలి వ్యాసం 15 సెం.మీ., ఎత్తు 13 సెం.మీ. ఉన్న పలుచని ఇనుప రింగు, చెక్క పలక, సుత్తి, ప్లాస్టిక్ షీటు, కొలపాత్ర, గడియారం. మందపాటి పైపు ముక్క వద్దే వద్దు, దిగేటప్పుడు మట్టిని పక్కకు నొక్కేస్తుంది.

వాన వెలిసి కనీసం ఒక రోజు గడిచాక మొదలుపెట్టండి. గడ్డిని కత్తెరతో కత్తిరించండి, పీకొద్దు. వేరుతోపాటు పైపొర లేచిపోతుంది.

లెక్క చెడేది రింగు దించేటప్పుడే. పలకను రింగు మీద అడ్డంగా పెట్టి, మధ్యలో చిన్న దెబ్బలతో 7.5 సెం.మీ. లోతుకు నిటారుగా దించాలి. ఒక పక్క కొట్టి, వంకర పోయిందని రెండో పక్క కొడితే గోడకూ మట్టికీ మధ్య సందు పడుతుంది. నీరు ఆ సందులోంచి జారిపోతుంది, గట్టిపడ్డ నేల కూడా కాగితం మీద ఆరోగ్యంగా కనిపిస్తుంది. రాయి తగిలితే రింగును అటూ ఇటూ ఊపకండి, తీసి అడుగు దూరంలో మళ్లీ మొదలుపెట్టండి. ఎండకు నెర్రెలిచ్చిన చోట అసలు పెట్టవద్దు. దిగాక లోపలి అంచు వెంబడి మాత్రమే వేలితో మెల్లగా అదమండి. మధ్యలో చేయి పెట్టారంటే పని చెడినట్టే.

లోపల షీటు పరిచి 440 మి.లీ. నీరు పోయండి, అంటే 2.5 సెం.మీ. ఎత్తు. షీటును నెమ్మదిగా లాగేయండి. నేరుగా పోస్తే మట్టి చెదిరి రంధ్రాలు పూడుకుపోతాయి. ఈ మొదటి విడతను లెక్కలోకి తీసుకోవద్దు, ఎండిన మట్టి నీటిని పీల్చుకుంటుంది. అది ఇంకాక మళ్లీ అంతే పోసి, నీరు పోయి మట్టి మెరుపు మాత్రమే మిగిలేవరకు నిమిషాలు చూడండి. రెండు గంటలైనా నిలిచే ఉంటే ఎన్ని మి.మీ. మట్టం తగ్గిందో స్కేలుతో కొలవండి, అందులో సగమే గంట లెక్క.

పూర్తిగా ఇంకితే 1500ని నిమిషాలతో భాగిస్తే గంటకు ఎన్ని మి.మీ. ఇంకుతోందో వస్తుంది. 50 నిమిషాలు పడితే 30 మి.మీ. ఇసుక నేలలో సాధారణంగా 30కి పైన, బంకనేలలో 1 నుంచి 5. గొయ్యి తవ్వి నీరు నింపే పద్ధతిని నమ్మొద్దు, అందులో నీరు పక్కలకు కూడా పోయి అంకె పెరుగుతుంది. కనీసం మూడు చోట్ల కొలవండి. నడకదారి అంకెను మిగతావాటితో కలిపి సగటు తీయకండి, విడిగా రాసుకోండి.