వైజాగ్ బీచ్ రోడ్డులో బస్సూ ఓడా ఒకే ఫ్రేమ్‌లో

వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ఎండ ఎదురుగా పడి ఫొటోలో ఓడలు నల్లటి నీడల్లా వస్తాయి. రంగులు కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. ఎండ మీ వెనక ఉంటుంది. బస్సు పక్కభాగం, దూరంగా లంగరేసి పోర్టులో చోటు కోసం చూస్తున్న ఓడ, రెండూ వెలుగులోనే ఉంటాయి. మరీ సాయంత్రమైతే భవనాల నీడ రోడ్డును కప్పేస్తుంది.

భవనాల వైపు ఫుట్‌పాత్ మీద నిలబడండి. ముందు ఓడను ఫ్రేమ్‌లో పెట్టుకుని, బస్సు కోసం ఆగండి. ఓడ ఎక్కడికీ పోదు, బస్సే తుర్రుమంటుంది! కాస్త జూమ్ చేస్తేనే ఓడ చుక్కలా కాకుండా ఓడలా కనిపిస్తుంది.

బస్సుకు ఎల్‌ఈడీ బోర్డు ఉంటే కెమెరా షట్టర్ స్పీడు 1/125 సెకను దగ్గర ఉంచండి. ఇంకా పెంచితే అక్షరాలు సగమే పడొచ్చు. ఓడ పేరు, ఏ దేశం జెండాతో తిరుగుతోందో మెరైన్‌ట్రాఫిక్ యాప్‌లో చూడొచ్చు.

నేవీ స్థావరం, పోర్టు లోపలి వైపు మాత్రం కెమెరా తిప్పకండి. ఓడలు తీయాలంటే బీచ్, తెన్నేటి పార్కు, కైలాసగిరి చాలు.