గడ్డ తీయించుకున్నాను, గర్భసంచి నిలబెట్టుకున్నాను

పెళ్లయిన నాలుగేళ్లకు స్కానింగ్‌లో 6 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచి గోడలో పెరిగే గడ్డ, బయటపడింది. నెలనెలా విపరీతంగా బ్లీడింగ్, రక్తం తగ్గిపోయి హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. మొదట చూపించుకున్న చోట "గర్భసంచి తీసేస్తే సరిపోతుంది" అన్నారు. పిల్లల కోసం ఎదురుచూస్తున్నదాన్ని, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

రెండో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బయటి గోడకున్న గడ్డ సాధారణంగా గర్భానికి అంత అడ్డు కాదట. లోపలి పొరను నొక్కేదైతే పిండం అంటుకోవడం కష్టం. నాది లోపలికే పొడుచుకొచ్చింది. అందుకే మయోమెక్టమీకి, అంటే గడ్డ ఒక్కటే తీయడానికి ఒప్పుకున్నాను. గడ్డలు మళ్లీ రావచ్చనీ, అరుదుగా రక్తం ఆగకపోతే గర్భసంచే తీయాల్సి రావచ్చనీ ముందే చెప్పారు. సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. ఐరన్ ఎక్కించి, రక్తం పెరిగాకే ఆపరేషన్ చేశారు.

పొట్ట కోసి చేసిన ఆపరేషన్ కదా, మొదటి వారం దగ్గొస్తే ప్రాణం పోయినట్టుండేది. దిండును పొట్టకు అదిమిపట్టి దగ్గమని నర్సమ్మ చెప్పింది, ఎంత హాయో! ఆరు వారాలు అమ్మ నన్ను నీళ్ల బిందె ముట్టుకోనివ్వలేదు.

అసలు కష్టం ఆరు నెలలు ఆగడం. లోపలి కుట్లు గట్టిపడకముందే గర్భం వస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. "ఇంకా విశేషం లేదా?" అన్నవాళ్లకు మా ఆయనే జవాబు చెప్పారు.

ఈ నెల నుంచి మళ్లీ ప్రయత్నిస్తున్నాం. డిశ్చార్జ్ సమ్మరీ భద్రంగా దాచాను. కోత ఎంత లోతుకు వెళ్లిందో అందులో ఉంటుంది, సిజేరియన్ అవసరమా కాదా అన్నది దాన్ని చూసే తేలుస్తారు.