పని పురమాయించడం – మూడో పాఠం: చెప్పే మాటలో ఏముండాలి

మొదటి పాఠంలో ఏ పని ఇవ్వొచ్చో, రెండో పాఠంలో ఎవరికి ఇవ్వొచ్చో చూశాం. పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, మింగడానికి ఇబ్బంది లేనివాళ్లకు తినిపించడం, నిలకడగా ఉన్న పేషెంటుకు టెంపరేచర్, బీపీ చూడడం లాంటివి నర్సింగ్ అసిస్టెంటుకు, అంటే మన వార్డు ఆయమ్మకు, ఇవ్వొచ్చు. ఇంజక్షన్లు, ఐవీ (నరంలోకి ఎక్కించే) మందులు, పేషెంటు పరిస్థితిని అంచనా వేయడం, ఇంటికెళ్లేటప్పుడు జాగ్రత్తలు నేర్పడం మాత్రం స్టాఫ్ నర్సువే.

అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, అక్కడి నర్సుల సంఘం కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐదు విషయాలు సరిగ్గా ఉండాలన్నారు: పని, పరిస్థితి, మనిషి, చెప్పే తీరు, పర్యవేక్షణ. కొత్త నర్సులు ఎక్కువగా తడబడేది నాలుగోదాని దగ్గరేనని నా నమ్మకం. అందుకే ఈ పాఠమంతా దానికే.

ఒక రాత్రి డ్యూటీ తీసుకుందాం. ఆగస్టు నెల, కోనసీమలో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డు, నిండా జ్వరాలే. ఆరో బెడ్‌లో డెంగీ పేషెంటు, ఇవాళ ఐదో రోజు. మీరు నర్సింగ్ స్టేషన్‌లో కూర్చునే “ఆరో బెడ్‌ని కాస్త చూస్తూ ఉండండి” అని కేకేశారు. ఆయమ్మ వెళ్లి చూసింది. టెంపరేచర్ 99, మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. “జ్వరం తగ్గిందండి సిస్టరమ్మా, పడుకున్నారు” అని వచ్చి చెప్పింది. ఇంటివాళ్లూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆవిడ చూసింది నిజమే, చెప్పిందీ నిజమే. కానీ డెంగీలో జ్వరం దిగే సమయమే అసలు గండం. మామూలుగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య వచ్చే ఆ 24 నుంచి 48 గంటల్లోనే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని నీరులాంటి భాగం) కారి బీపీ పడిపోవచ్చు. ఆయన కళ్లు మూసుకున్నది నిద్ర కాక, మత్తు కావొచ్చు. అంకె చూసి రావడం ఆవిడ చేయగలదు. ఆ అంకె ఏం చెబుతోందో తేల్చాల్సింది మీరు. “చూస్తూ ఉండండి” అనడంతో మీ వంతు పని కూడా తెలియకుండానే ఆవిడ మీద పడింది.

ఇప్పుడు అదే పనిని, పేషెంటు మంచం దగ్గరికి వెళ్లి, ఇలా చెప్పి చూడండి:

“పిన్నిగారూ, ఈయనకి డెంగీ. జ్వరం తగ్గింది గానీ ఈ రెండు రోజులే భయం. బీపీ, పల్స్ నేనే చూసుకుంటాను. మీరు మూత్రం కొలవాలండి. ఎప్పుడు పోసినా జార్‌లో పట్టి, టైమూ, ఎన్ని ఎమ్మెల్లో చార్టులో రాయండి. వాళ్లావిడ బాత్రూంలో పారబోసేయకుండా ఇప్పుడే చెప్పేద్దాం. ఇప్పుడు పది. రెండింటికి మొత్తం ఎంతయ్యిందో నాకు చెప్పండి, 120 కావాలి. ఈలోగా కడుపునొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్లలో రక్తం కనబడినా, చేతులు చల్లబడినా, మనిషి మత్తుగా ఉన్నా, రాయడం తర్వాత, ముందు నన్ను పిలవండి. నేను ఎవరికైనా ఇంజక్షన్ చేస్తున్నా సరే.”

నిన్న ఆయన బీపీ చూడడం ఆవిడకే ఇచ్చి ఉండొచ్చు. ఈ రాత్రి పరిస్థితి మారింది కాబట్టి మీరు వెనక్కి తీసుకున్నారు. 120 ఎక్కడిదంటే, గంటకు కిలో బరువుకు అర ఎమ్మెల్ చొప్పున 60 కిలోల మనిషికి నాలుగు గంటల లెక్క. ఆ లెక్క మీరు కట్టి, ఆవిడకు తేలిన అంకె ఒక్కటే ఇవ్వండి. “కాస్త”, “వీలైతే”, “అప్పుడప్పుడు” లాంటి మాటలు మర్యాద కోసం వాడుతుంటాం. మర్యాద పిలుపులో ఉండాలి, టైములో కాదు. ఆవిడ సర్వీసు మీ వయసంత ఉండొచ్చు. పిన్నిగారూ అనండి, అక్కా అనండి, మీరు అనండి. గంట మాత్రం ఖచ్చితంగా చెప్పండి.

“ఆయ్, అలాగేనండి” అనగానే అర్థమైపోయిందనుకోవద్దు. మన వైపు పెద్దవాళ్లు సగమే వినబడినా ఆ మాట అనేస్తారు. తిరిగి చెప్పించుకోండి, పాఠం అప్పజెప్పమన్నట్టు కాకుండా: “హడావుడిలో ఏదైనా వదిలేశానేమో, ఒకసారి మీరు చెప్పండి పిన్నిగారూ.” అలా అడిగితే, చెబుతూ చెబుతూ ఆవిడే అంటుంది: “సాయంత్రం రెండు కొబ్బరి బోండాలు తాగారండి, అది రాశారా?” చార్టులో అది ఉండదు. ఇంటివాళ్లు తాగించింది మీకన్నా ముందు ఆవిడ కంట పడుతుంది.

బోండాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కిడ్నీలు దెబ్బతిన్న పేషెంటుకు కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండె లయను చెడగొట్టొచ్చు. మన దగ్గర పేషెంటును చూడ్డానికి బోండాం లేకుండా వచ్చేవాళ్లు తక్కువ. “పన్నెండో బెడ్‌కి బోండాలు వద్దు” అని వదిలేస్తే, చుట్టాలు బతిమాలినప్పుడు ఆవిడ దగ్గర జవాబుండదు. “కొబ్బరినీళ్లు ఈయన గుండెకి ప్రమాదమండి” అని కారణం కూడా చెబితే, మీరు లేనప్పుడు ఆవిడే ఆపగలదు.

అభ్యాసం: ఈ రెండింటికీ మీరు ఆయమ్మతో అనబోయే మాటల్నే కాగితం మీద రాయండి. ఒకటి, పక్షవాతంతో కుడివైపు పడిపోయిన మామ్మగారికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నడుము దగ్గర చర్మం ఎర్రబడుతోంది. రెండు, వరిచేలో పాము కరిచి ఇప్పుడే చేరిన కుర్రాడు; కనురెప్పలు వాలుతున్నాయేమో కనిపెట్టాలి. వీటిలో ఒకదానిలో పురమాయించకూడని పని ఉంది. రాసే ముందు అది తేల్చుకోండి.

నాలుగో పాఠంలో ఈ జవాబులతో మొదలుపెట్టి, పురమాయించిన పని జరిగిందో లేదో ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకోకుండా ఎలా చూసుకోవాలో నేర్చుకుందాం.