బురదనేల పక్షులు – 4వ పాఠం: పేరు తర్వాత, ముందు వయసు

గత పాఠంలో ముక్కు పొడవు, కాళ్ల రంగు, నడిచే తీరు చూసి ఉల్లంకి పిట్టల్ని విడదీయడం నేర్చుకున్నాం. చలికాలంలో ఆ మూడింటితో చాలావరకు పని నడుస్తుంది. జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా మాత్రం అవి చాలవు. ఈ రోజుల్లో ఒకే గుంట అంచున ఒకే జాతి పిట్టలు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి ఇటుకరంగులో ఉంటుంది, ఒకటి బూడిదరంగులో. ఇంకోటి ఆ రెండు రంగులూ అతుకులు వేసినట్టుంటే, నాలుగోది వీపంతా చేపపొలుసులు పరిచినట్టు ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లకు ఇవి నాలుగు జాతులు. నేను కూడా మొదటి రెండేళ్లూ అలాగే రాసుకున్నాను. ఆ రాతల్లో సగం ఇప్పుడు ఎందుకూ పనికిరావు. వేసవి చివర వలసలో పిట్ట వయసు తేలితే పేరు సగం తేలినట్టే. ఈ పాఠమంతా దాని గురించే.

ముందు ఒక మాట. ఇక్కడ వేసవి అంటే పిట్టలు గుడ్లు పెట్టే చోటి వేసవి. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, సైబీరియా టండ్రా వంటి చోట్ల నేల మంచు వదిలి పురుగుతో నిండేది కొద్ది వారాలే. ఆ వారాల్లోనే గూడు, గుడ్లు, పిల్లలు అన్నీ అయిపోవాలి. అందుకే మనకు వాన ముసురు పట్టిన రోజుల్లోనే వాటి తిరుగు ప్రయాణం మొదలైపోతుంది.

ఉల్లంకి పిట్టల్లో ఒకటైన కర్లూ శాండ్‌పైపర్‌ని చూస్తే ఈ ప్రయాణంలోని వరస బాగా అర్థమవుతుంది. మగది గుడ్లు పొదగదు, పిల్లల్ని చూడదు. జత కలిసే రోజులు అయిపోగానే దక్షిణానికి బయల్దేరుతుంది. పొదిగే పనీ పిల్లల కాపలా ఆడదానివే. పిల్లలు కాస్త ఎదిగాక అది వెళ్తుంది. ఆ ఏటి పిల్లలు అందరికన్నా చివర, తల్లీతండ్రీ తోడు లేకుండా కదులుతాయి. అంటే మొదట జత కట్టే రోజుల ఎరుపు ఇంకా చెదరని మగవి, తర్వాత ఆడవి, ఆగస్టు చివరికి, సెప్టెంబరులో పిల్లలు. మీరున్న చోటును బట్టి తేదీలు ముందూ వెనకా అవుతాయి కానీ వరస మారదు. జులై ఆఖరున ఒక ఇటుకరంగు పిట్ట కనబడితే అది దారి తప్పిందేమో అని కంగారు పడకండి. వేళకే వచ్చింది.

పిల్లలకు ఎవరూ దారి చూపరు. ఏ దిక్కుకు పోవాలో, ఎన్నాళ్లు పోవాలో వాటికి పుట్టుకతోనే వస్తుంది. 2022 అక్టోబరులో బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే మరో బురదనేల పక్షి పిల్ల ఒకటి, పుట్టి అయిదు నెలలే అయినది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో ఎగిరింది. దాని వీపుకు కట్టిన ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ వల్ల మనకా సంగతి తెలిసింది. గుంట అంచున పొలుసుల వీపుతో పురుగులు ఏరుకుంటున్న ఏ చిన్న పిట్టను చూసినా నాకు అది గుర్తొస్తుంది. ఇది తను ఎన్నడూ చూడని చోటుకు పోతోంది.

ఇక అసలు పని, ఈకలు చూడటం.

పిల్ల ఒంటిమీది ఈకలన్నీ దాదాపు ఒకేసారి, కొన్ని వారాల్లోనే మొలుస్తాయి. అందుకే అన్నీ ఒకే ఈడువి. ప్రతి ఈకకూ చెక్కు చెదరని లేతరంగు అంచు ఉంటుంది. ఈకలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పరుచుకుంటాయి గనక ఆ అంచులన్నీ కలిసి వీపు మీద వరసలు తీరిన పొలుసుల్లా కనబడతాయి. పెద్దపిట్ట సంగతి వేరు. దాని ఈకలు వసంతకాలం నుంచి ఎండకు, గాలికి, గడ్డి రాపిడికి, గూటి మట్టికి నలిగినవి. కొన్ని రాలి, వాటి చోట చలికాలపు బూడిదరంగు ఈకలు కొత్తగా మొలుస్తుంటాయి. పాతా కొత్తా కలిసి గళ్లు తప్పిన గుడ్డలా ఉంటుంది. ఒక్క మాటలో గుర్తుపెట్టుకోవాలంటే: తీరుగా ఉంటే పిల్ల, కలగాపులగంగా ఉంటే పెద్దది.

లిటిల్ స్టింట్ మీద దీన్ని పట్టి చూద్దాం. పిచ్చుకంత పిట్ట, నల్లటి కాళ్లు, కుట్టుమిషన్ సూదిలా ఆగకుండా బురదను పొడిచే ముక్కు. బైనాక్యులర్‌ని మొదట వీపు మీద నిలపండి. పిల్లకు మెడ కింద మొదలై రెండు తెల్లటి గీతలు ఇంగ్లీషు వి అక్షరంలా స్పష్టంగా కనబడతాయి. ఇప్పుడు ముడిచిన రెక్క మీదికి రండి. తోక వైపు పొడుగ్గా పరుచుకున్న మూడు నాలుగు ఈకలున్నాయి చూశారా? ఈ పాఠానికి అవే ప్రాణం. పిల్లకు అవి నడుమ నల్లగా, చుట్టూ సన్నటి తుప్పురంగు అంచుతో, కొత్తగా కుట్టిన పైపింగులా ఉంటాయి. పక్కనే పెద్దది ఉంటే దాని ఈకలు చూడండి. అవే ఈకలు వెలిసిపోయి, కొసలు కొరికినట్టు గరుగ్గా, అంచు ఉందో లేదో తెలియనట్టు ఉంటాయి. భుజం మీద అక్కడొకటి ఇక్కడొకటి బూడిద ఈక తొంగిచూస్తుంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ మరిచిపోరు.

సెప్టెంబరు గడిచేకొద్దీ ఒక చిక్కొస్తుంది. పిల్లలకు కూడా భుజం మీద బూడిద ఈకలు మొలవడం మొదలవుతుంది. అప్పుడు భుజాన్ని నమ్మకండి. రెక్క మీది చిన్న ఈకల్నీ, ఇందాక చెప్పిన పొడుగు ఈకల్నీ అడగండి. అవి ఇంకా కొన్నాళ్లు మారవు, అబద్ధం చెప్పవు.

అరుగుదల వల్ల వచ్చే పొరపాటు ఒకటి తప్పకుండా తెలుసుకోవాలి. ఈకకు నల్లరంగునిచ్చే మెలనిన్ ఈకను గట్టిగా కూడా ఉంచుతుంది. తెల్లటి భాగానికి ఆ బలం లేదు కాబట్టి ముందు అరిగేది అదే. వుడ్ శాండ్‌పైపర్ వీపు మీద లేతచుక్కలు చల్లినట్టు ఉంటాయని చదువుకున్నాం. వేసవి చివర వచ్చే పెద్దపిట్టకు ఆ చుక్కలు చాలావరకు అరిగిపోయి వీపు నల్లబడుతుంది. చటుక్కున చూస్తే గ్రీన్ శాండ్‌పైపరే అనిపిస్తుంది. అప్పుడు అరగని వాటిని ఆశ్రయించాలి. వుడ్‌కి కనుబొమ్మ గీత కన్ను దాటి వెనక్కి సాగుతుంది, గ్రీన్‌కి కంటి ముందే ఆగిపోతుంది. వుడ్ కాళ్లు పొడుగు, పసుపువైపు మొగ్గుతాయి. ఎగిరితే రెండింటికీ తోక మొదట్లో తెలుపు కనబడుతుంది గనక దాన్ని చూసి తొందరపడొద్దు, రెక్క అడుగు చూడండి. గ్రీన్‌కి దాదాపు నలుపు, వుడ్‌కి లేతరంగు.

ఇదంతా కనబడాలంటే ఎండ మీ వీపు మీద ఉండాలి. ఎదురెండలో ఎంత ఖరీదైన స్కోప్ అయినా నల్లటి నీడనే చూపిస్తుంది. పొద్దెక్కితే నేల ఆవిరికి పిట్ట అంచులు అలలా కదిలిపోతాయి, ఈక అరుగుదల గురించి అప్పుడేమీ చెప్పలేం. సముద్రతీరమైతే పోటు ఎక్కే వేళ వెళ్లండి. నీరే పిట్టల్ని మీ దగ్గరికి నెట్టుకొస్తుంది. దగ్గరికి వెళ్లాలని మీరు మాత్రం నెట్టొద్దు. అవి వేల కిలోమీటర్లు ఎగరడానికి కొవ్వు కూడబెట్టుకునే రోజులివి. గుంపు ఒక్కసారి లేచిందంటే కాస్త బలం ఖర్చయినట్టే. కూర్చోండి, కదలకండి, చాలాసార్లు అవే దగ్గరికొస్తాయి.

నోట్‌బుక్‌లో జాతి పేరు, లెక్క రాసి ఊరుకోకుండా ఇలా రాయడం అలవాటు చేసుకోండి:

"ఆగస్టు 24, ఉదయం 6.30, ఎండ వెనక నుంచి. లిటిల్ స్టింట్ 14. పెద్దవి 3, భుజాల మీద బూడిద ఈకలు, రెక్క పొడుగు ఈకల కొసలు గరుకు. పిల్లలు 9, వీపు మీద తెల్ల వి స్పష్టం. రెండు దూరం, వయసు తేలలేదు."

ఆ చివరి వాక్యం రాయడానికి వెనకాడొద్దు. తేలనిది తేలలేదని రాసినందువల్లే మిగతా పన్నెండింటి మీద నమ్మకం కుదురుతుంది. పక్షుల లెక్కలు దాచే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కించేవాళ్లకు ప్రతి జాతి కిందా వయసు నింపే చోటు ఉంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. మీరు నింపండి. కాలి మీద పరిశోధకులు తొడిగిన రంగు ప్లాస్టిక్ ముక్క కనబడితే ఏ కాలు, మోకాలిలా కనిపించే మడత పైనా కిందా, రంగులు ఏ వరసలో ఉన్నాయి, అక్షరాలేమైనా చదవగలిగారా, అన్నీ రాసుకోండి. ఆ రంగుల్ని బట్టే దానికి ఆ ముక్క తొడిగిన ప్రాంతం తెలుస్తుంది.

అభ్యాసం: వచ్చే మూడు వారాలూ ఒకే గుంటకు, వారానికి ఒకసారి, అదే వేళకు వెళ్లండి. ఒక్క జాతినే ఎంచుకోండి, దండిగా కనబడేది. ప్రతిసారీ కనీసం పది పిట్టల వయసు తేల్చి పెద్దవెన్నో పిల్లలెన్నో రాయండి. మూడో వారానికి పిల్లల అంకె పెరిగిందో లేదో చూసుకోండి. 5వ పాఠం ఎగిరే పిట్టల మీద, రెక్క తెల్లగీతల మీద, అరుపుల మీద. ఈ మూడు వారాల రాతల్ని దగ్గర పెట్టుకునే దాన్ని మొదలుపెడదాం.