కడుపులో బిడ్డ, చేతిలో పని – 3వ పాఠం: డబ్బా మీద రాసింది చదవడం

కిందటి పాఠంలో మీ పనిరోజుని గంటగంటకీ విడగొట్టి ఒక కాగితం మీద రాయమన్నాను. రాసినవాళ్ళు దాన్ని ఇప్పుడు ముందు పెట్టుకోండి. రాయనివాళ్ళు ఆ పని చేసుకుని రండి, అది లేకుండా ఈ పాఠం చదవడానికి బాగుంటుంది గానీ చేతికేమీ రాదు. ఆ కాగితంలో డబ్బా, సీసా, డ్రమ్ము, స్ప్రే, పొడి సంచి లాంటివి ఎక్కడ వచ్చినా పక్కన ఒక గీత పెట్టండి. నేల తుడిచే లిక్విడ్ కూడా లెక్కే. మీరు ముట్టుకోకపోయినా పక్క టేబుల్ వాళ్ళు వాడుతుంటే, ఆ వాసన మీ దాకా వస్తుంటే, అదీ లెక్కే.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే. ఒక రసాయనం కడుపులో బిడ్డకి గానీ, పాలు తాగే బిడ్డకి గానీ హాని చేసే రకమా కాదా అన్నది దాని కాగితాలు చూసి మీరే పట్టుకోవడం. కెమిస్ట్రీ రానక్కర్లేదు, మూడు నంబర్లు గుర్తుంటే చాలు.

ఇది గర్భిణులకే అనుకుని మిగతావాళ్ళు పాఠం దాటేయకండి. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన దాదాపు 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. ముఖ్యమైన అవయవాలన్నీ 3వ వారం నుంచి 8వ వారం లోపే రూపం తీసుకుంటాయి. నెల తప్పిందని గమనించి, పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, పనిచోట సూపర్‌వైజర్‌కి చెప్పేంత ధైర్యం కూడగట్టుకునేసరికి ఆ వారాల్లో చాలా భాగం అయిపోతుంది. అప్పుడు మొదలుపెట్టే జాగ్రత్త మిగిలిన నెలలకి పనికొస్తుంది, అది తప్పకుండా తీసుకోవాలి, కానీ మొదటి వారాలకి పనికొచ్చేది మాత్రం ఎవరూ గర్భవతి కాకముందే చేసిపెట్టుకున్న పని. అందుకే మీరు కాగితం మీద రాసుకున్న ఈ పట్టిక రసాయనాల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ సంబంధించినది, మగవాళ్ళతో సహా.

ముందు డబ్బా పట్టుకోండి. ఎర్ర అంచున్న డైమండ్ ఆకారపు బొమ్మలు ఉంటాయి చూడండి. మంట బొమ్మ నిప్పు గురించి, పుర్రె బొమ్మ వెంటనే పనిచేసే విషం గురించి. మనకి కావాల్సింది ఇంకొకటి, మనిషి ఛాతీ మీద నక్షత్రంలా పగిలినట్టుండే నల్ల బొమ్మ. దీర్ఘకాలంలో ఒంటికి చేటు చేసేవాటికి అది పెడతారు. చిక్కేమిటంటే క్యాన్సర్‌కీ అదే బొమ్మ, ఊపిరితిత్తుల ఎలర్జీకీ అదే, గర్భానికి హాని చేసేదానికీ అదే. కాబట్టి ఆ బొమ్మ కనబడితే "ఇక్కడ ఆగి లోపల చూడు" అని మాత్రమే అర్థం. ఐక్యరాజ్యసమితి 2003లో తొలిసారి ప్రచురించిన లేబుల్ పద్ధతి ఇది, చాలా దేశాలు దీన్నే వాడుతున్నాయి గనక మీరు ఎక్కడ పనిచేస్తున్నా బొమ్మలు దాదాపు ఇవే ఉంటాయి.

లోపల చూడాల్సిన కాగితం పేరు సేఫ్టీ డేటా షీట్. రసాయనం అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకి ఇచ్చేది. స్టోర్‌లోనో, సేఫ్టీ ఆఫీసర్ దగ్గరో ఉంటుంది, లేదంటే డబ్బా మీదున్న పూర్తి పేరు, తయారీదారు పేరు రాసిచ్చి తెప్పించమని అడగండి. అందులో 16 భాగాలుంటాయి. మొత్తం చదవబోతే నిద్రొస్తుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. మనకి నాలుగు చాలు: 2వ భాగంలో ప్రమాదాలు, 3లో ఏమేం కలిశాయి, 8లో ఏ గ్లౌజు ఏ మాస్కు, 11లో విషప్రభావం వివరంగా.

రెండో భాగం తీయండి. ఇంగ్లీషు హెచ్ (H) అక్షరంతో మొదలయ్యే మూడంకెల నంబర్లు వరుసగా ఉంటాయి. వాటిలో వెతకాల్సినవి 360, 361, 362.

హెచ్360 అంటే సంతాన సామర్థ్యానికో, కడుపులో బిడ్డకో హాని చేయగలదని బలమైన ఆధారం ఉంది. హెచ్361 అంటే అనుమానం ఉంది. ఈ రెండిటి చివర కొన్ని షీట్లలో ఎఫ్ (F) అనో డి (D) అనో అక్షరం ఉంటుంది. ఎఫ్ ఉంటే సంతాన సామర్థ్యం, అంటే తండ్రి కాబోయే మగవాళ్ళూ చూసుకోవాలి. డి ఉంటే గర్భస్థ శిశువు. రెండూ ఉంటే రెండూ. అక్షరమే లేకపోతే 11వ భాగంలోకి వెళ్ళి ఏ రకమో చూడాలి.

హెచ్362 దగ్గర కాసేపు ఆగుదాం. పాలు తాగే బిడ్డకి హాని చేయవచ్చని చెప్పే నంబరు ఇది. దీనికి బొమ్మ లేదు. "ప్రమాదం", "హెచ్చరిక" అనే పెద్ద మాట కూడా ఉండదు. ఒక రసాయనానికి ఈ ఒక్క ప్రమాదమే ఉంటే డబ్బా మీద ఏ గుర్తూ కంటికి తగలదు, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం మాత్రం ఉంటుంది. బాలింత సెలవు అయిపోయి తిరిగి పనిలోకి వచ్చిన తల్లి డబ్బా మీద బొమ్మలు చూసి "ఏం లేదులే" అనుకుంటే తప్పు ఆమెది కాదు, కానీ దెబ్బ ఆమె బిడ్డకి తగులుతుంది. అందుకే పాలిస్తున్నవాళ్ళు బొమ్మ చూసి ఆగిపోకుండా వాక్యం దాకా చదవాలి.

ఇప్పుడు కలిసి ఒకటి చేసి చూద్దాం. ప్రింటింగ్ యూనిట్‌లో రోలర్లు తుడిచే పని అనుకోండి. పట్టికలో మూడు గీతలు పడ్డాయి: థిన్నర్, పాత రంగు ఊడగొట్టే ద్రవం, చేతులు కడుక్కునే సబ్బు. థిన్నర్ షీట్ 3వ భాగంలో టోలీన్ అని ఉంది, నంబరు 361, పక్కన చిన్న డి. రంగు ఊడగొట్టేదానిలో ఎన్-మిథైల్ పైరోలిడోన్ ఉంది, దానికి 360, పక్కన పెద్ద డి. సబ్బులో ఏమీ లేదు. ఇక్కడ థిన్నర్ వాసన ఘాటుగా ఉండటం వల్ల అందరూ దానికే భయపడతారు. రెండోదానికి అంత వాసన ఉండదు, పైగా అది చర్మంలోంచి సులభంగా లోపలికి పోతుంది. ముందు మార్చాల్సింది దాన్ని. వాసనని బట్టి ప్రమాదాన్ని కొలవొద్దు.

నంబరు కనబడగానే టెన్షన్ పడకండి. నంబరు చెప్పేది ఆ పదార్థానికి ఉన్న గుణం. ఎంత మోతాదు, ఎంతసేపు, ఏ దారిన ఒంట్లోకి పోతోంది అన్నదాన్ని బట్టి నిజమైన ముప్పు ఉంటుంది. మూత గట్టిగా ఉన్న డబ్బా అల్మారాలో ఉండటం వేరు, గాలి ఆడని గదిలో అదే ద్రవంతో రోజంతా గుడ్డ తడిపి తుడవడం వేరు. మీ పట్టికలో నంబరు పక్కనే మూడు ముక్కలు రాయండి: ఎన్ని గంటలు, పీలుస్తున్నానా చర్మానికి తగులుతోందా, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉందా. ఇప్పటికే గర్భవతి అయ్యుండి, కొన్ని వారాలు దీనితో పనిచేసి ఉంటే ఆ షీట్ కాపీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. "ఏదో కెమికల్" అని చెప్తే డాక్టర్ కూడా ఏమీ చెప్పలేరు, పేరు చెప్తే చెప్పగలరు.

సీసం గురించి విడిగా చెప్పాలి. బ్యాటరీ పనులు, సోల్డరింగ్, పాత పెయింట్ గీకడం, కుండలకీ పింగాణీకీ మెరుపు కోసం పూసే కొన్ని గ్లేజులు, వీటన్నిటిలో అది ఉండొచ్చు. దానికి 360 ఉంది, 362 కూడా ఉంది. ఒంట్లోకి వెళ్ళిన సీసం ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి, దశాబ్దాలు కూడా ఉంటుంది. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ బిడ్డ కోసం తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగి వస్తుంది కదా, దాంతో పాటే ఆ పాత సీసమూ రక్తంలోకి వస్తుంది, మావి దాటి బిడ్డని చేరుతుంది. అంటే ఆ పని మానేసి చాలా కాలమైనా విషయం పూర్తవ్వలేదు. గతంలో సీసంతో పనిచేసినవాళ్ళు ఆ సంగతి మొదటి చెకప్‌లోనే చెప్పి రక్తంలో సీసం పరీక్ష అడగాలి. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణి రక్తంలో డెసీలీటరుకి 5 మైక్రోగ్రాములు ఉన్నా పట్టించుకుని ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి. సీసం దుమ్ము బట్టలకీ, చెప్పులకీ, జుట్టుకీ అంటుకుని ఇంటికొస్తుంది కూడా. భర్త ఆ పనిలో ఉన్నా జాగ్రత్త అవసరమే: పనిబట్టలు పనిచోటే విప్పాలి, విడిగా ఉతకాలి, బిడ్డని ఎత్తుకునే ముందు స్నానం చేయాలి.

ఇంటివాళ్ళకి తగిలే ప్రమాదం సీసంతోనే ఆగదు. కెనడాలో 1977లో నమోదైన ఒక కేసులో పసిబిడ్డకి కామెర్లు వచ్చాయి, కారణం వెతికితే తల్లి పాలలో తోలుబట్టల క్లీనింగ్‌కి వాడే పర్‌క్లోరోఎథిలీన్ దొరికింది. తల్లి అక్కడ ఉద్యోగి కాదు, మధ్యాహ్నం భోజనం వేళకి భర్త దగ్గరికి ఆ క్లీనింగ్ షాపుకి వెళ్ళి వచ్చేది, అంతే. కొవ్వులో కరిగే ఇలాంటి సాల్వెంట్లు (మరకనో రంగునో కరిగించే ద్రవాలు) పాలలోని కొవ్వులోకి చేరతాయి. అయితే ఇది చదివి పాలు ఆపేయకండి. తల్లిపాల మేలు చాలా పెద్దది. మొదట ఆపాల్సింది రసాయనంతో సంబంధం, పాలు ఆపడం గురించి డాక్టర్‌తో మాట్లాడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

షీట్ చెప్పనివి కూడా ఉన్నాయి. నంబరు లేదంటే సురక్షితం అని కాదు, చాలా పదార్థాలని ఈ కోణంలో ఎవరూ పరీక్షించలేదు. 11వ భాగంలో "డేటా అందుబాటులో లేదు" అని కనబడితే తెలియదని అర్థం, మంచిదని కాదు. ఇక డబ్బాలో లేకుండా పనిలోంచి పుట్టేవి ఉంటాయి: వెల్డింగ్ పొగ, ప్లాస్టిక్ వేడిచేస్తే వచ్చే ఆవిరి, మూసిన గోడౌన్‌లో తిరిగే డీజిల్ బండి, లోపల నడిపే జనరేటర్. వీటికి షీట్ ఉండదు. ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. అది మావి దాటి బిడ్డ రక్తానికి పట్టుకుంటుంది, తల్లి బయటికొచ్చి తేరుకున్నాక కూడా బిడ్డ రక్తంలోంచి పోవడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది. గోడౌన్‌లో తలనొప్పి వచ్చి బయటికి రాగానే తగ్గుతోందంటే, అది అలసట అని కొట్టిపారేయకుండా ఇంజిన్ ఎక్కడుందో చూడండి. ఆసుపత్రుల్లో క్యాన్సర్ మందులు కలిపేవాళ్ళు, ఎక్కించేవాళ్ళు, ఆ రోగుల దుప్పట్లు ఉతికేవాళ్ళు, మూత్రం, వాంతి శుభ్రం చేసేవాళ్ళు కూడా ఇదే కోవలోకి వస్తారు. చివరి ఇద్దరికీ ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

8వ భాగంలో ఏ పదార్థంతో చేసిన గ్లౌజు వాడాలో ఉంటుంది, అది తప్పకుండా చూడండి. పలచటి లాటెక్స్ గ్లౌజు టోలీన్‌ని నిమిషాల్లో లోపలికి వదిలేస్తుంది, చేతికి గ్లౌజు ఉందన్న ధైర్యంతో ఇంకా ఎక్కువసేపు ముంచుతాం. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపలేవు. ఆవిరిని ఆపే క్యాట్రిడ్జ్ మాస్కుతో ఊపిరి బరువవుతుంది, ఏడో నెల వచ్చాక రోజంతా పెట్టుకోవడం చాలామందికి కష్టం. కాబట్టి గ్లౌజు, మాస్కు చివర్లో రావాలి. ముందు ఆ రసాయనం మార్చగలమా, తర్వాత మూత వేసి గాలి లాగే ఏర్పాటు చేయగలమా, ఆ తర్వాత పని పంచుకోగలమా అని అడగాలి.

అడిగేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. "అయితే ఆడవాళ్ళని ఆ పనికి పెట్టం" అనే జవాబు రావచ్చు. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ బ్యాటరీ కంపెనీ 1982లో సరిగ్గా అదే చేసింది, పిల్లలు పుట్టరని వైద్య రుజువు చూపిన ఆడవాళ్ళని తప్ప మిగతా అందరినీ సీసం పనుల నుంచి తప్పించింది. ఉద్యోగం పోకూడదని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న మహిళ కూడా ఆ నియమం మీద కేసు వేసినవాళ్ళలో ఉంది. 1991లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నియమం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. సీసం మగవాళ్ళ సంతానానికీ మంచిది కాదు, కానీ వాళ్ళు అదే దుమ్ములో పనిచేస్తూనే ఉన్నారు. యూరోపియన్ యూనియన్ 1992లో తెచ్చిన ఆదేశంలో వరుస స్పష్టంగా ఉంది: ముందు పని పరిస్థితులూ వేళలూ మార్చాలి, కుదరకపోతే వేరే పని ఇవ్వాలి, అదీ కుదరకపోతేనే సెలవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కూడా తల్లికో బిడ్డకో హాని అని తేలిన పనిని గర్భిణి చేతా, పాలిచ్చే తల్లి చేతా బలవంతంగా చేయించకూడదంటుంది. మీ దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించిందో లేదో, మీ చట్టంలో ఏముందో చూసుకోండి.

నోటితో అడిగినది మర్చిపోతారు, రాసివ్వండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు: "నేను రోజుకి ఇన్ని గంటలు ఫలానా ద్రవంతో పనిచేస్తున్నాను. దాని డేటా షీట్ 2వ భాగంలో హెచ్360 అని ఉంది. దీనికి బదులు వేరేది వాడగలమా, అప్పటివరకు నాకు పని ఎలా మారుస్తారు అన్నది రాతపూర్వకంగా తెలియజేయండి." తేదీ వేసి, కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. గర్భవతినని చెప్పడం ఇంకా ఇష్టం లేకపోతే ఆ ముక్క రాయక్కర్లేదు, రసాయనం గురించి అడగడానికి ఏ కారణమూ చూపించక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి సంతకం పెడితే ఇంకా మంచిది.

వచ్చే పాఠానికి ఇంటిపని. గీత పెట్టినవాటిలో ఎక్కువ గంటలు వాడే రెండిటి షీట్లు తెప్పించుకోండి. పై మూడు నంబర్ల కోసం వెతికి, దొరికినా దొరకకపోయినా మీ పట్టికలో ఆ వరుసలో రాయండి. షీట్ ఇవ్వలేదంటే ఎవరిని ఏ తేదీన అడిగారో రాయండి, 5వ పాఠంలో అది కావాలి. వచ్చేసారి బరువులు, నిలబడటం, ఎండవేడి గురించి. దానికి పనికొచ్చేలా ఈ వారం మీరు ఎత్తే వస్తువుల్లో అన్నిటికన్నా బరువైనదాన్ని తూకం వేసి, నేల మీంచి ఎత్తుతున్నారా, నడుము ఎత్తు నుంచా అన్నది పక్కన రాసిపెట్టండి.