హైబ్రిడ్ దారం, 3వ పాఠం: గోగునార, పీపీ కలిస్తే బలం ఎంత?

కిందటి పాఠంలో గోగునార దారం చుట్టూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు, అంటే పీపీ, చుట్టాం. ఈ దారాన్ని తర్వాత వేడి ప్రెస్‌లో నొక్కితే పీపీ కరిగి, నారతో కలిసి గట్టి పలక అవుతుంది. ఈసారి అది ఎంత బరువు ఆపుతుందో ముందు లెక్క కట్టి, ఆ తర్వాత తెంపి చూద్దాం. లెక్క లేకుండా తెంపితే వచ్చిన అంకె ఏ పోగుదో తెలియదు.

10 మీటర్ల దారం తూచి, గ్రాములను 100తో గుణించండి. వచ్చేది టెక్స్, అంటే 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. 5 గ్రాములుంటే 500 టెక్స్. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానాకాలపు గాలికి గోగునార తేమ బాగా లాగుతుంది, దాంతో టెక్స్ పెరిగినట్టు కనిపిస్తుంది. ముందురోజే దారాన్ని విప్పి గదిలో ఆరేయండి. తూచడం, తెంపడం ఒకే పూట, అదే గదిలో చేయండి. ప్రయోగశాలల్లోనైతే 27 డిగ్రీల వేడి, 65 శాతం తేమ పాటిస్తారు.

ఇప్పుడు లెక్క. గోగునార 300 టెక్స్, పీపీ 200 టెక్స్ అనుకుందాం. టెక్స్‌కు 0.12 న్యూటన్ల చొప్పున నార 36 ఆపుతుంది. 0.40 చొప్పున పీపీ 80 ఆపుతుంది. రెండూ కూడి 116 అని రాస్తే తప్పు. నార సుమారు 2 శాతం సాగేసరికే తెగిపోతుంది. పీపీ తన 80 చూపాలంటే 20 శాతం దాకా సాగాలి. 2 శాతం దగ్గర అది మోసేది 14 న్యూటన్లే. కనుక 50 దగ్గర నార తెగుతుంది, మిగిలిన పీపీ ఒంటరిగా 80 వరకు వెళ్తుంది. చుట్టిన పోగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి 2 శాతం దగ్గర దాని వాటా 14 కన్నా ఇంకా తగ్గుతుంది.

తెంపడానికి 10 లీటర్ల బకెట్ చాలు. దారాన్ని ముడి వేయకండి, ముడి దగ్గరే తెగుతుంది. నున్నటి గుండ్రటి కడ్డీలకు పైనా కిందా అయిదారు చుట్లు చుట్టి చివర బిగించండి. మధ్యలో 500 మిల్లీమీటర్లు ఉండాలి. పొడవు తగ్గిస్తే బలహీనమైన చోటు పడే అవకాశం తగ్గి, అంకె ఉత్తినే పెరుగుతుంది. నీళ్లు సన్నటి ధారగా, ప్రతిసారీ ఒకే వేగంతో వదలండి. 50 న్యూటన్లంటే సుమారు 5.1 కిలోలు; అక్కడ నార తెగి బకెట్ ఒక్కసారిగా జారుతుంది. ఆ బరువును వెంటనే రాసుకోండి, మనకు కావలసింది అదే. 8.2 కిలోల దగ్గర, అంటే 80 న్యూటన్ల దగ్గర, వచ్చే ఆఖరి తెగుడు పీపీది. వేడి ప్రెస్‌లో ఆ పీపీ కరిగిపోతుంది, పలకలో బరువు మోయాల్సింది నారే.

కనీసం 20 ముక్కలు తెంపండి. కడ్డీ పక్కనే తెగినవి లెక్కలోకి తీసుకోకండి. అంకెలు మరీ చెదిరితే నార చూడండి: నీళ్లలో సరిగా ఊరని మొదళ్ల దగ్గర బెరడు మిగిలి గట్టిగా ఉంటుంది, ఎక్కువ ఊరినది పట్టుకోగానే పీచులా విడిపోతుంది.

మెలి మీద ఎక్కువ జాగ్రత్త కావాలి. 0.8 మిల్లీమీటర్ల నార దారానికి మీటరుకు 160 మెలికలు వేస్తే పైపొర పోగులు 22 డిగ్రీలు వాలతాయి. బకెట్ పరీక్షలో అది బాగానే నిలుస్తుంది. పలకలోకి వెళ్లాక వాలిన నార పూర్తి బలం ఇవ్వదు, కరిగిన పీపీ కూడా లోపలికి చొరబడదు. 60 మెలికలైతే వాలు 9 డిగ్రీలే. దారాన్ని కలిపి పట్టి ఉంచే పని చుట్టిన పీపీకే వదిలేయండి.

పీపీని 200 టెక్స్ కన్నా తగ్గించకండి. నార సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.45 గ్రాములు, పీపీది 0.91. ఈ దారంలో నార ఘనపరిమాణం దాదాపు 48 శాతం. పీపీ 100 టెక్స్ చేస్తే అది 65 శాతానికి పోయి, పలకలో పీపీ చేరని ఎండు మచ్చలు పడతాయి.

వచ్చే పాఠంలో 180 నుంచి 190 డిగ్రీల దగ్గర పలక నొక్కడం. 200 దాటితే నార కమిలి బలం పోతుంది కనుక థర్మామీటరు సిద్ధంగా ఉంచుకోండి.